రోహిణి కార్తెలో రాఫ్ట్ పోశాం: తిమ్మాపురంలో మా ఇంటి పునాది అనుభవం

జూన్ 28 సాయంత్రం ల్యాబ్ నుంచి క్యూబ్ టెస్టు (కాంక్రీటు దిమ్మల్ని నొక్కి బలం చూసే పరీక్ష) రిపోర్టు వచ్చింది. మార్చి నుంచి పడుతున్న టెన్షన్ ఆ కాగితం చూశాక గాని దిగలేదు. 2024 వేసవిలో, అదీ రోహిణి కార్తెలో, వైజాగ్‌లో మా ఇంటికి రాఫ్ట్ పునాది (ఇంటంతటికీ ఒకే కాంక్రీటు పలక) పోయించాం. ఎండల్లో ఇల్లు మొదలుపెట్టబోయే వాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా స్థలం భీమిలి బీచ్ రోడ్డులో తిమ్మాపురం దాటాక కాస్త లోపలికి ఉంటుంది. 200 గజాలు. సముద్రం కిలోమీటరున్నర దూరం. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన ఓడలో ఇంజనీరు, ఏడాదిలో సగం రోజులు నీళ్ళ మీదే. అందుకని ఈ పనంతా నేనూ మా అమ్మా చూసుకోవాల్సి వచ్చింది.

మార్చి 11న మట్టి పరీక్షకి బోరు వేశారు. రిపోర్టుకి 12 రోజులు పట్టింది, 24,000 రూపాయలైంది. ఏడెనిమిది అడుగుల దాకా వదులు ఇసుక, ఆ కిందే నీళ్ళు. విడివిడిగా ఫుటింగులు వద్దు, ఇంటి మొత్తానికి ఒకే పలక, అంటే రాఫ్ట్ వేయాలన్నాడు ఇంజనీరు. 11 మీటర్ల పొడవు, ఎనిమిదిన్నర మీటర్ల వెడల్పు, 400 మిల్లీమీటర్ల మందం. ఎం30 కాంక్రీటు, అంటే 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 30 న్యూటన్ల బలం రావాలి. సిమెంటు బరువులో నీళ్ళు 0.45 వంతు దాటకూడదని డ్రాయింగ్ మీద ఎర్ర సిరాతో రాసి ఇచ్చాడు. ఆ ఎర్ర సిరా ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. ఖర్చు అనుకున్నదానికంటే రెండు లక్షల దాకా పెరుగుతుందని మాత్రం అర్థమైంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏప్రిల్ నెలాఖరు నుంచి మూఢం. ఆ లోపే శంకుస్థాపన కావాలని అమ్మ పట్టు. ఏప్రిల్ 24 బుధవారం, మా స్కూలుకి సెలవులిచ్చిన మర్నాడే కొబ్బరికాయ కొట్టాం. మూడు రోజుల తర్వాత జేసీబీ దిగింది.

మొదటి ఆశ్చర్యం నీళ్ళ దగ్గరే. మా స్థలంలో బోరు ఉంది. మేస్త్రి దోసిట్లోకి తీసుకుని, నోట్లో పోసుకుని, ఉమ్మేసి "కొంచెం ఉప్పగుందంతే, పనికొస్తాదమ్మా" అన్నాడు. నేను మనసొప్పక రెండు లీటర్ల సీసా నింపి ల్యాబ్‌కి ఇచ్చాను. 1,800 రూపాయలు, మూడు రోజులు. లీటరుకి 840 మిల్లీగ్రాముల క్లోరైడు తేలింది. ఇనుము వేసే కాంక్రీటుకి 500 దాటకూడదట. ఉప్పు నీళ్ళతో కలిపినా కాంక్రీటు గట్టిగానే కనిపిస్తుంది, లోపల ఇనుము మాత్రం తుప్పు పట్టి ఉబ్బుతుంది, పదేళ్ళకో పదిహేనేళ్ళకో పెచ్చులూడతాయి. ఆ రోజు నుంచి బోరు బంద్. టాంకరు 5,000 లీటర్లు, 1,100 రూపాయలు. బోరు పెట్టుకుని నీళ్ళు కొంటున్నారేమిటని పక్క స్థలం వాళ్ళు అడిగారు. రిపోర్టు తీసి చూపించాను.

మే 9 గురువారం బెడ్డు వేశారు, అదే పీసీసీ. రాఫ్ట్ కింద చదును కోసం వేసే నాలుగు అంగుళాల కాంక్రీటు. పొద్దున్నే రావాల్సిన మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం) ఆలస్యమై మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెట్టారు, మూడింటికల్లా అయిపోయింది. నేను టీ తాగి నాలుగున్నరకి వెళ్ళి చూద్దును కదా, బెడ్డంతా పగుళ్ళు. ఎండిన చెరువు అడుగులా, ఒకదాన్నొకటి కలుస్తూ. అమ్మ వంగి ఒక పగుల్లో గోరు పెట్టి చూసింది, గోరు దిగింది. "రోహిణి కార్తె ఇంకా రానే లేదు, అప్పుడే రోళ్ళు పగులుతున్నాయేమిటే" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

ఫొటోలు తీసి మావయ్యకి వాట్సాప్‌లో పంపాను. మావయ్యంటే అమ్మ తమ్ముడు. సోంపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఉంటాడు. 22 ఏళ్ళు గల్ఫ్‌లో, ముందు కువైట్, తర్వాత దుబాయ్, కాంక్రీటు పనిలోనే ఫోర్‌మన్‌గా చేసి వచ్చాడు. ఐదు నిమిషాల్లో ఫోన్ చేశాడు. "ఇది బెడ్డు కాబట్టి భయం లేదు, అమ్మడూ. రాఫ్ట్ కూడా ఇలాగే పోయబోతే మాత్రం ఆపు. నేను ఓటేసి వస్తాను."

మే 13 ఎన్నికలు. మా పనివాళ్ళలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు, 10వ తారీకునే ఊళ్ళకి వెళ్ళిపోయారు. నాకు పోలింగు డ్యూటీ పడింది. 12 ఉదయం వెళ్ళినదాన్ని, యంత్రాలు అప్పగించి 14 తెల్లవారుజామున ఇల్లు చేరాను. పది రోజులు సైటు ఖాళీ. అక్కడే తప్పు జరిగింది. ముందే తెప్పించిన మూడున్నర టన్నుల స్టీలు నేల మీదే, కప్పకుండా ఉంది. సముద్రపు గాలి. 15న మావయ్య బస్సు దిగి నేరుగా సైటుకి వచ్చి, ఒక ఊచని వేలితో రుద్దాడు. వేలు నారింజ రంగుకి వచ్చింది. ఇంకోటి రుద్దాడు, దాని మీంచి పెళుసు పొర రాలింది. పైపైన పట్టిన రంగు పరవాలేదట, పొరలా లేచేది మాత్రం ఉండకూడదట. ఇద్దరు కూలీలు తీగ బ్రష్షులతో రెండు రోజులు గీకారు. స్టీలు వచ్చిన రోజే కింద దుంగలు వేసి, పైన పట్టా కప్పి ఉంటే ఆ రెండు రోజులూ, 3,200 రూపాయలూ మిగిలేవి.

20 నుంచి స్టీలు కట్టడం మొదలైంది. సాయంత్రాలు మావయ్య కుర్చీ వేసుకుని అక్కడే కూర్చునేవాడు. గల్ఫ్ కబుర్లు చాలా చెప్పాడు గాని, నాకు పనికొచ్చినవి రెండే. ఒకటి ఎండ. అక్కడ వేసవిలో పగలు కాంక్రీటు పోయడమంటే కోరి చెడగొట్టుకోవడమే. రాత్రి పదీ పదకొండు దాటాక మొదలుపెట్టి తెల్లారేలోపు ముగించాలి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట పని చేయించకూడదని చట్టమే ఉంది. కలిపే నీళ్ళలో ఐస్ ముక్కలు వేస్తారు. తన సైట్లలో లారీ దగ్గర థర్మామీటరు పెట్టి, 32 డిగ్రీలు దాటితే వెనక్కి పంపేసేవారట.

రెండోది ఉప్పు. అక్కడ తీరం వెంట సబ్ఖా అనే ఉప్పు నేలలుంటాయి. ఇసుకే, కానీ ఉప్పు పేరుకుని గట్టిపడి ఉంటుంది. కింద నీళ్ళలో క్లోరైడు, సల్ఫేటు రెండూ విపరీతం. బుర్జ్ ఖలీఫా పునాది చుట్టూ ఉన్న నీళ్ళు సముద్రం కంటే ఉప్పగా ఉంటాయని చెబితే నేను నమ్మలేదు, తర్వాత చదివితే నిజమే. సముద్రంలో క్లోరైడు రెండు శాతం లోపు, అక్కడ నాలుగున్నర శాతం దాకా ఉంది. అందుకే అక్కడ రాఫ్ట్ కింద తారు పొర పరిచి, పక్కలకి కూడా పైకి చుట్టేసి, పునాదిని తొట్టెలో పెట్టినట్టు పెడతారు. సిమెంటులో సగానికి సగం స్లాగు (ఇనుము తీశాక మిగిలే చిట్టెం పొడి) కలుపుతారు. ఉప్పు లోపలికి పోయే దారి సన్నబడుతుందట.

"మనది ఎడారి కాదు, అంత అక్కర్లేదు" అన్నాడు మావయ్య. "కానీ ఎండా, ఉప్పూ ఇక్కడా ఉన్నాయి. మనకున్న నయం గాలిలో తేమ ఒక్కటే. పడమటి గాలి తిరిగిందా, ఆ తేమ కూడా ఉండదు." ఇంజనీరుతో మాట్లాడి స్లాగు సిమెంటే ఖాయం చేసుకున్నాం. మన దగ్గర స్టీల్ ప్లాంటు ఉన్న పుణ్యాన స్లాగు సిమెంటు కొత్తేమీ కాదు. బెడ్డు మీద మందపాటి పాలిథిన్ షీటు పరిపించాం, 4,000 రూపాయలు. షీటు లేకపోతే పొడి బెడ్డు కాంక్రీటులో నీళ్ళని అడుగు నుంచి పీల్చేస్తుంది. పైన ఎండ, కింద దాహం. మధ్యలో కాంక్రీటుకి ఏం మిగులుతుంది?

స్టీలు కింద పెట్టడానికి మేస్త్రి కంకర రాళ్ళు ఏరుతున్నాడు. మావయ్య వాటన్నిటినీ తీయించి, 50 మిల్లీమీటర్ల సిమెంటు కవర్ బ్లాకులు పెట్టించాడు. రాయి పక్కకి దొర్లితే ఊచ అడుక్కి ఆనుకుంటుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. జల్లెడలా కట్టిన పై వరస ఊచలు కుంగకుండా మీటరుకొకటి చొప్పున ఊచలతోనే కుర్చీలు చేయించాడు. మేస్త్రి మొహం ముడుచుకున్నాడు. "ఇరవై ఏళ్ళ నుంచీ ఇలాగే కడతన్నాం బాబూ" అన్నాడు. మావయ్య అతని మీద గొంతు పెంచలేదు. పక్కన కూర్చుని బీడీ ఇచ్చి, దుబాయ్‌లో తాను మొదటి ఏడాది పడగొట్టించిన గోడ సంగతి చెప్పాడు. ఆ మర్నాటి నుంచి మేస్త్రి బ్లాకులు తనే లెక్కపెట్టుకున్నాడు.

27న పోద్దామనుకున్నాం. రెమల్ తుఫాను వస్తోందన్నారు, వానకి భయపడి ఆపాం. అది 26 రాత్రి బెంగాల్ వైపు తీరం దాటిపోయింది. మాకు చుక్క పడలేదు సరికదా, గాలి పడమరకి తిరిగింది. ఆ మూడు రోజులూ సైటు దగ్గర నిలబడితే పొయ్యి ముందు నిలబడ్డట్టే. సముద్రం అంత దగ్గరలో ఉండి కూడా మధ్యాహ్నం పెదాలు ఎండి చిట్లిపోయాయి. కాంక్రీటు కలిపి లారీల్లో పంపే రెడీమిక్స్ ప్లాంటు వాళ్ళు పగలు పోస్తామన్నారు. కాంక్రీటు వేడి 40 లోపు ఉంటే కోడ్ (కాంక్రీటు పనికి దేశంలో పాటించే ప్రమాణాల పుస్తకం) ఒప్పుకుంటుందని వాళ్ళ మాట, అది అబద్ధం కాదు. మావయ్య ఒప్పుకోలేదు. చివరికి మే 30 గురువారం రాత్రి పదింటికి ఖాయమైంది. ఎం30 ఘనపు మీటరు 5,900 చొప్పున 39 మీటర్లు, 2,30,100 రూపాయలు. పంపుకి 18,000.

ఐస్ ఎక్కడ దొరుకుతుందని నేను బెంగపడుతుంటే అమ్మ తేల్చేసింది: "హార్బర్లో చేపలకి వేసేది ఏమిటి?" నిజమే. ఫిషింగ్ హార్బర్ దగ్గరున్న ఐస్ ఫ్యాక్టరీకి 29న నేనూ మావయ్యా వెళ్ళాం. 50 కేజీల దిమ్మ 130 రూపాయలు. వేటకి విరామం నడుస్తోంది కాబట్టి దొరకడం తేలికైంది. ముప్పై దిమ్మలు చెప్పాం. చేపల బుట్టల దగ్గరికి పోకుండా, మంచినీళ్ళతో తయారైనవి ఫ్యాక్టరీ గుమ్మంలోంచే నేరుగా వ్యానెక్కాలని మావయ్య షరతు. వ్యానుకి 1,500. రాత్రి ఏడింటికి ప్లాంటులో నీళ్ళ తొట్టెలోకి దిమ్మలు దింపాం. వాళ్ళకి ఇది కొత్త, ఫొటోలు తీసుకున్నారు. నేనో లెక్క వేసి చూశాను: ఆరు వేల లీటర్ల నీళ్ళని టన్నున్నర ఐస్ 32 డిగ్రీల నుంచి పదీ పన్నెండుకి దించుతుంది. కాంక్రీటులో నీళ్ళ బరువు తక్కువే అయినా, కేజీకి కేజీ చూస్తే వేడిని ఎక్కువ మోసేవి అవే. అందువల్ల కాంక్రీటు మొత్తం నాలుగైదు డిగ్రీలు తగ్గాలి. పిల్లలకి ఏటా చెప్పే లెక్క. ఈసారి జవాబు సరిపోతుందో లేదోనని నా గుండె కొట్టుకుంది.

పక్కిళ్ళ వాళ్ళకి ముందు రోజే వెళ్ళి చెప్పి వచ్చాను, రాత్రంతా చప్పుడుంటుందని. ఇది మరచిపోకండి. జనరేటరు, నాలుగు లైట్లు, 4,500. అమ్మ రెండు బిందెల మజ్జిగ చేసింది.

మొదటి లారీ 10:20కి వచ్చింది. మావయ్య బకెట్టులోకి కొంచెం తీయించి థర్మామీటరు గుచ్చాడు. 32. గాలి 31 ఉంది. నా లెక్క తప్పలేదు. కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూడడానికి దాన్ని స్లంప్ కోన్ (గరాటా లాంటి డబ్బా)లో నింపి, కోన్ ఎత్తితే 120 మిల్లీమీటర్లు జారింది, మేం అడిగింది అదే. రెండో లారీ, మూడో లారీ వరసగా వచ్చి పన్నెండుకి ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

పన్నెండున్నర అయింది. ప్లాంటుకి ఫోన్ చేస్తే నాలుగోది ఎప్పుడో బయల్దేరిందన్నారు. అది రాలేదు కదా అని ఐదోది నింపకుండా ఆపారట. మావయ్య ఆ ఫోన్ తీసుకుని "ఇప్పుడే నింపండి" అని ఒక్క మాట అన్నాడు. ఒకచోట కాంక్రీటు గట్టిపడ్డాక దాని పక్కన కొత్తది పోస్తే రెండూ కలవవు, ఆ అతుకు లోంచి జీవితాంతం నీళ్ళు వస్తాయి. పోసిన అంచు మీద తడి గోనెలు పరిచి, పది నిమిషాలకోసారి వైబ్రేటరు (కాంక్రీటుని అదిరించి కుదించే యంత్రం) దింపి చూశారు. తన బరువుకి తనే దిగిపోతుంటే ఇంకా ప్రాణం ఉన్నట్టు. ఒంటిగంటకి దిగింది. ఒంటిగంట ఇరవైకీ దిగింది. నేను వినాయకుడికి మొక్కుకుంటూనే ఉన్నాను.

ఒకటిన్నరకి నాలుగో లారీ వచ్చింది. దారిలో టైరు పంక్చరట. పాపం, డ్రైవరు చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. చలాన్ తీసి చూస్తే నింపిన టైము 11:20. అంటే రెండు గంటల పది నిమిషాలు. రెడీమిక్స్ నింపిన రెండు గంటల్లోపు దింపాలి. కోన్ పెడితే 50 మాత్రమే జారింది, వేడి 36. మేం ఇంకా మాట్లాడుకుంటుండగానే డ్రైవరు లారీ పక్కనున్న నీళ్ళ పైపు తీశాడు. "నాలుగు బకెట్లు పోసి తిప్పితే వెన్నలా వస్తాదమ్మా, అందరూ ఇదే సేస్తారు." మేస్త్రి కూడా తలూపాడు. పనివాళ్ళు పదిహేను మంది నావైపు చూస్తున్నారు. లారీలో సరుకు విలువ 35,000. అర్ధరాత్రి, సగం పోసిన పునాది.

ఎర్ర సిరా ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. నాలుగు బకెట్లతో పని సులువవుతుంది నిజమే, కానీ ఆ నీళ్ళు ఆవిరైపోయిన చోటల్లా కంటికి కనిపించని సందులు మిగులుతాయి. మా ఊళ్ళో ఉప్పుగాలికి అవే దారులు. "పైపు పెట్టెయ్యి నాయనా, ఈ లారీ మాకొద్దు" అన్నాను. గొంతు వణికింది గాని అన్నాను. మావయ్య ఏమీ అనలేదు, చలాన్ ఫొటో తీయమని సైగ చేశాడు. ప్లాంటు మేనేజరు ఫోన్లో పావుగంట వాదించాడు, ఆ లారీ డబ్బు కట్టాల్సిందేనన్నాడు. 1:40కి ఐదోది వచ్చింది. స్లంప్ 115, వేడి 32. వైబ్రేటరు పాత అంచులోకి ఇంకా దిగుతోంది. రెండిటినీ కలిపి కుట్టినట్టు దగ్గర దగ్గరగా వైబ్రేటరు వేయించారు. చివరి లారీ 4:10కి ఖాళీ అయింది. వెనక్కి పంపిన లారీ బిల్లు రద్దు చేయించుకోవడానికి మూడు వారాలు ఫోన్లు చేయాల్సి వచ్చింది. ఆ చలాన్ ఫొటో లేకపోతే డబ్బు పోయేదే.

పోయడం అయిపోయాక ఇంటికెళ్ళి పడుకోవచ్చనుకున్నాను. అసలు పని అప్పుడే మొదలైంది. పొలాల్లో మందు కొట్టే స్ప్రేయరు కొత్తది కొని ఉంచాడు మావయ్య, 1,600. దానితో కాంక్రీటు మీద గాలిలోకి మంచులా కొడుతూ, చదును అయిన భాగం అయినట్టే పాలిథిన్ కప్పుతూ వచ్చారు. చివరి పట్టీ ఒక్కటి మిగిలి ఉండగా, ఐదు కావొస్తుంటే మళ్ళీ పడమటి గాలి లేచింది. మావయ్య టార్చిని నేలకి ఆనించి అడ్డంగా వేశాడు. పైనుంచి చూస్తే ఏమీ కనిపించనిది, ఆ ఏటవాలు వెలుతురులో తేలింది. మూరెడు పొడవున, వెంట్రుకంత సన్నంగా ఒక గీత. సరిగ్గా పై ఊచ వెంబడే. ఊచకి అటూ ఇటూ కాంక్రీటు కుదురుకుంటూ దిగుతుంది, ఊచ మీదది దిగలేక చీలుతుంది. గంటలోపు చూశాం కాబట్టి సరిపోయింది. మేస్త్రి తనే మోకాళ్ళ మీద కూర్చుని చెక్కతో తట్టి తట్టి దాన్ని మూసి, మళ్ళీ రుద్దాడు. గట్టిపడ్డాక చూసి ఉంటే పైన సిమెంటు పూత పూయడం తప్ప చేసేదేమీ ఉండదు.

తెల్లారాక షీటు ఎత్తి చూస్తే దాని లోపలి వైపంతా నీటి బిందువులు. పోవాల్సిన తడి పోకుండా అక్కడే ఉంది. ఆ బిందువులు చూశాక నేను అక్కడే గట్టు మీద కూర్చుని నిద్రపోయాను.

మధ్యాహ్నం షీటు తీసి తడి గోనెలు పరిచారు. బియ్యం వ్యాపారి దగ్గర 150 పాత గోనెలు, ఒక్కోటి 22 చొప్పున 3,300. మావయ్య ప్రతి గోనె వాసన చూశాడు. పంచదార గోనె ఒక్కటి వచ్చినా దాని కింద కాంక్రీటు పైపొర గట్టిపడదట, ఎరువుల సంచి అసలే వద్దు. సాయంత్రానికి చుట్టూ మట్టి గట్లు వేసి, పొలంలో మడులు కట్టినట్టు ఆరు మడులు చేసి నీళ్ళు నిలిపారు. రెండంగుళాల లోతుకి సరిగ్గా ఒక టాంకరు పట్టింది.

వేడి, పొడి వాతావరణంలో మామూలు సిమెంటుకి కనీసం 10 రోజులు, స్లాగు లాంటివి కలిస్తే 14 రోజులు తడి ఉంచమంటుంది కోడ్. మేస్త్రి మూడో రోజే మడులు తెంచి కాలమ్ పని మొదలెడతానన్నాడు. కాదన్నాం. అతను మనుషుల్ని తీసుకుని జూన్ 3న ఇంకో సైటుకి వెళ్ళిపోయాడు, తిరిగి 21న వచ్చాడు. మాకు వారం రోజులు ఊరికే పోయాయి. అతన్ని తప్పు పట్టలేను, పదిహేను మందికి రోజూ కూలి చూపించాలి కదా. ముందే మాట్లాడుకుని రోజులు లెక్క వేసుకుని ఉండాల్సింది, ఆ పొరపాటు నాదే.

జూన్ 4న ఓట్ల లెక్కింపు. నేను టీవీ ముందున్నాను. సాయంత్రం సైటుకి వెళ్తే మడుల నిండా నీళ్ళు. టాంకరు రాలేదు కదా, ఎక్కడివి అని అడిగితే వాచ్‌మన్ సంతోషంగా చెప్పాడు, నీళ్ళు తగ్గాయని బోరు వేశానని. నా కాళ్ళు చల్లబడ్డాయి. అతనికి మేమెవరం చెప్పలేదు, బోరు ఎందుకు ఆపామో. రాత్రి ఎనిమిదింటి దాకా గట్లు తెంచి, ఆ నీళ్ళు తోడించి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి, మళ్ళీ టాంకరు పోయించాం. ఒక్క పూటలో పెద్ద నష్టం ఉండదన్నాడు ఇంజనీరు. మర్నాడు బోరు స్విచ్చి పెట్టెకి తాళం వేశాను. మీరు మొదటి రోజే వేయండి.

నాలుగు లారీల నుంచి తీసిన 24 క్యూబులు, ఒక్కోటి ఎనిమిది కేజీలు, మా ఆటోలో ల్యాబ్‌కి మోసుకెళ్ళాం. పరీక్షలకి 6,000. జూన్ 7న ఏడు రోజుల సగటు బలం 21 వచ్చింది. ముప్పై రావాలి కదా అని కంగారు పడ్డాను. స్లాగు సిమెంటు మెల్లగా బలపడుతుందని ఇంజనీరు చెప్పాడు. అయినా ఆ మూడు వారాలూ ఆ అంకె నా కళ్ళ ముందే తిరిగింది. 28 రోజుల సగటు 37.2 వచ్చింది.

ఖర్చు అడిగేవాళ్ళకి: పునాది మామూలు లెక్క పక్కన పెడితే, ఎండకీ ఉప్పుకీ జాగ్రత్త కోసం పెట్టింది ఇది. నీళ్ళ పరీక్ష, షీటు, ఐస్ వ్యానుతో సహా 5,400, ఏడు టాంకర్లు, గోనెలు, స్ప్రేయరు, లైట్లు, క్యూబులు. మొత్తం 34,300. ఒక్క లారీ కాంక్రీటు ధర కంటే తక్కువ.

మావయ్య జూన్ 16న ఊరెళ్ళాడు. 28న రిపోర్టు వచ్చిందని ఫోన్ చేసి 37.2 అని చెబితే "సరే, ఆ తెల్లవారుజామున మూసిన గీత దగ్గర మళ్ళీ చూశావా?" అన్నాడు. చూడలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. గోనె పీచు అచ్చు పడి, బూడిద రంగులో చల్లగా ఉంది. ఏటవాలుగా టార్చి వేసి, తడిపి, ఆరేదాకా కూర్చుని చూశాను. పగులుంటే ఆరేటప్పుడు తడి అక్కడే గీతలా మిగులుతుందని మావయ్య చెప్పాడు. అంతా ఒకేలా ఆరింది. ఫొటో తీసి పంపాను. జూలై 6న కాలమ్‌ల మధ్య మట్టి నింపడం మొదలుపెట్టారు.